రిమార్కుల గడి

కొత్తలంక
ఆగస్టు 17

ఏంజెలమ్మకి తాతయ్య రాయునది.

ఈ ఉదయం కాలువ మట్టం మూడడుగుల ఏడంగుళాలు, నిలకడగా ఉంది. నేనూ మీ అమ్మమ్మా కూడా అలాగే ఉన్నాం. లాకులు చూసుకునే లస్కరు ఉద్యోగం అయిపోయి పన్నెండేళ్లయినా, పొద్దున్నే లాకుల దాకా వెళ్లి గేజీ పలక మీద నీళ్లు ఎంతదాకా వచ్చాయో చూసి రాకపోతే నాకు టిఫిను దిగదు. "డిపార్టుమెంటు వాళ్లు మిమ్మల్ని వదిలేశారు గానీ మీరు వాళ్లని వదల్లేదండీ" అని మీ అమ్మమ్మ రోజూ అనే మాటే ఈరోజూ అంది.

మీ హాస్టల్లో ఆదివారం అయిదు నిమిషాలే ఫోనట, అదీ వార్డెన్ గారి బల్ల ముందు నిలబడి మాట్లాడాలట. తాడేపల్లిగూడెం నుంచి మీ అమ్మ చెప్పింది. ఆ అయిదు నిమిషాలూ అమ్మకే ఉంచు. లాకు తలుపుల హోరు పక్కన ముప్పైనాలుగేళ్లు పనిచేసిన చెవులు నావి. ఫోనులో 'హలో' తప్ప ఏమీ వినబడదు. ఉత్తరమైతే రెండుసార్లు చదువుకోవచ్చు.

ముఖ్య విషయం. నవంబరు 30 ఆదివారం మన చర్చికి నూరేళ్ల పండుగ. ఏటా ఆ రోజున పేర్ల పుస్తకం చదువుతాం కదా. ఈ సంఘంలో ఉండి కన్నుమూసిన ప్రతివారి పేరూ అందులో ఉంటుంది. ఇప్పటికి రెండువందల పన్నెండు. మొదటి పాస్టరు గారి పేరు దగ్గర చదివేవాళ్లు ఆగుతారు, ఆగడమే గుర్తుగా జనమంతా లేచి నిలబడతారు. ఆ తర్వాత ఎక్కడా ఆగకూడదు. ఆ పుస్తకం మొదలుపెట్టింది మా నాన్న బెంజమిన్. కూలికి వెళ్లే ఇళ్లలోంచి మిషను బడికి వెళ్లి, మన పేటలో మొట్టమొదట అక్షరం రాసిన చెయ్యి ఆయనది. అందుకే చదివే హక్కు మన ఇంటిది. ఆ పాత రాతకి నాకిప్పుడు చూపు ఆనడం లేదు. ఈసారి మా ఏంజెల్ చదువుతుందని కమిటీలో చెప్పేశాను. ముందు నిన్ను అడగాల్సింది. గర్వం ఆగలేదు.

జులై 20న బయల్దేరానని కబురు చేసి రాలేదు. తలనొప్పి అన్నావు. మొన్న సెలవుకీ రాలేదు. మీ అమ్మమ్మ నీకోసం రెండుసార్లు కొరమీను పులుసు పెట్టింది, రెండుసార్లూ నేనే తిన్నాను. ఇలా అయితే నా ఆరోగ్యం బాగుపడుతుంది గానీ ఆవిడ మనసు బాగుపడదు.

ఇట్లు
పి. సత్యానందం, లస్కరు (రిటైర్డు)
మీ తాతయ్య


వట్లూరు
సెప్టెంబరు 7

తాతయ్యకి నమస్కారాలు.

మా హాస్టల్ ట్యాంకు మట్టం ఉదయం ఆరుకి నిండుగా, ఆరుంబావుకి ఖాళీ. నాలుగొందల మంది ఆడపిల్లలు ఉన్నచోట మీలాంటి లస్కరు ఒకరుండాలి.

చదువు బాగానే సాగుతోంది. జువాలజీలో క్లాసు ఫస్టు నేనే. కప్ప బొమ్మ వేస్తే మా సార్ దాన్ని గోడకి అంటించారు. నా రూమ్మేటు పద్మప్రియ మార్టేరు పిల్ల. వాళ్లు వరి రైతులు. వాళ్ల బియ్యం ముందు హాస్టల్ బియ్యం బియ్యమే కాదని రోజూ మాకు ఉపన్యాసం ఇస్తుంది.

రోడ్డు మీదకి నీళ్లొచ్చాయి కదా తాతయ్యా. వంతెన దగ్గర బస్సులు ఆపేశారని ఇక్కడ అందరూ అంటున్నారు. నీళ్లు ఇంకా దిగలేదట. అందుకే రాలేకపోతున్నాను.

పేర్లు చదవడం గురించి ఒక మాట. అమ్మ టీచరు కదా, అమ్మ గొంతు చర్చి చివరిదాకా వినబడుతుంది. అమ్మ చదివితే బాగుంటుందేమో, మీరు మళ్లీ ఒకసారి ఆలోచించండి.

అమ్మమ్మని అడిగానని చెప్పండి.

మీ
ఏంజెల్


కొత్తలంక
సెప్టెంబరు 14

ఏంజెల్‌కి,

మట్టం నాలుగడుగుల ఒక అంగుళం. దిగుతోంది.

రోడ్డు మీదకి నీళ్లు ఆగస్టు 29 సాయంత్రం ఎక్కాయి. సెప్టెంబరు 2 మధ్యాహ్నానికి దిగిపోయాయి. మూడో తేదీ మొదటి బస్సు తిరిగింది. నీ ఉత్తరం మీద తేదీ ఏడు. నువ్వు ఇంకే విషయంలో అబద్ధం చెప్పినా నమ్మేవాణ్ణేమో, నీళ్ల విషయంలో నాకు చెప్పాలని ఎలా అనిపించిందమ్మా?

నాకు తోచింది రాస్తున్నాను. ఏలూరు చదువు వచ్చాక ఈ లంక, ఈ చేపల చెరువుల వాసన నీకు పడటం లేదేమో. పడవ తోసినవాళ్ల పేర్లు, కూలికి వెళ్లినవాళ్ల పేర్లు నిలబడి చదవడం చిన్నతనంగా ఉందేమో. అలాగైతే ఉన్నమాట చెప్పు. కమిటీలో నా మాట నేను వెనక్కి తీసుకుంటాను. నా జీవితంలో అది మొదటిసారి అవుతుంది, అంతే.

మీ అమ్మమ్మ నన్ను ఈ ఉత్తరం పోస్టు చెయ్యొద్దంది. చేస్తున్నాను.

పి. సత్యానందం


వట్లూరు
సెప్టెంబరు 21

తాతయ్యా,

మీరు కింద 'మీ తాతయ్య' అని రాయలేదు. అది చూసి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మీరు ఇంకోలా అనుకునేకన్నా నిజం చెప్పడమే నయం.

జులై 20న నేను బస్సెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది. బఠాణీలు కొనుక్కుని సంతోషంగానే ఉన్నాను. పెద్ద వంతెన ఎక్కేసరికి ఉన్నట్టుండి గుండె దడదడా కొట్టుకోవడం మొదలైంది. వేళ్లు తిమ్మిరెక్కాయి. ఊపిరి ఎంత తీసినా లోపలికి వెళ్లడం లేదు. చచ్చిపోతున్నాననే అనుకున్నాను తాతయ్యా. ఊరికే అనే మాట కాదు, నిజంగానే అమ్మ ముఖం గుర్తొచ్చింది. బస్సు ఆపించి దిగిపోయాను. ఓ పావుగంటకి అంతా తగ్గిపోయింది, చేతిలో బఠాణీల పొట్లం అలాగే ఉంది. అవతలి బస్సెక్కి హాస్టల్‌కి వచ్చేసి తలనొప్పి అని చెప్పాను.

తర్వాత మెస్సులో వచ్చింది. ల్యాబులో వచ్చింది. ఒకసారి నవ్వుతూ కబుర్లు చెబుతుంటే వచ్చింది. ల్యాబులో కూలబడినప్పుడు వార్డెన్ గారు ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఈసీజీ, రక్తం అన్నీ బాగున్నాయి. అక్కడి డాక్టరమ్మ దాన్ని పానిక్ అటాక్ అంటారని, నా వయసువాళ్లకి చాలామందికి వస్తుందని, ప్రాణానికేం కాదని చెప్పారు. పదిహేను రోజులకోసారి రమ్మన్నారు. వార్డెన్ గారు మాత్రం అమ్మతో "సరిగా తినక కళ్లు తిరిగాయండీ" అన్నారు. నేను సరిదిద్దలేదు.

అమ్మకి తెలిస్తే టీసీ తీసుకుని గూడెం తీసుకెళ్లిపోతుంది. నాకు ఇక్కడే చదవాలని ఉంది. దయచేసి చెప్పకండి. పేర్లు చదవడం నాకు చిన్నతనం కాదు. రెండొందల మంది ముందు అది వస్తే ఏం చెయ్యాలో తెలియక అలా రాశాను. వంతెన అంటే ఇంకా భయం.

మీ
ఏంజెల్


కొత్తలంక
సెప్టెంబరు 29

ఏంజెలమ్మకి తాతయ్య అనేక దీవెనలతో రాయునది.

మట్టం మూడడుగుల పది. ముందుగా, నీ మీద అలా రాసినందుకు సిగ్గుపడుతున్నాను. ఆ ఉత్తరం దొరికితే చింపెయ్యి.

నీ ఉత్తరం అందిన మర్నాడే తనిఖీకి వెళ్లాను. 27న తొమ్మిది గంటలకి పెద్ద వంతెన దగ్గర బస్సు దిగి పదకొండున్నర దాకా నిలబడ్డాను. చూసినవి: చేపల లారీలు పద్నాలుగు, మేత బస్తాల పడవ ఒకటి, పెళ్లివారి వ్యాను ఒకటి, గూడబాతులు లెక్కపెట్టలేదు. భయపడవలసిన వస్తువు ఏదీ కనబడలేదు. ఒకచోట రెయిలింగు వంగి ఉంది. నీకు అది కనబడి, బస్సు పడిపోతుందని అనిపించిందా? లేకపోతే ఆ బస్సులో ఎవరైనా ఏమైనా అన్నారా? ఎవరైనా కుర్రాడు వెంటపడుతున్నాడా? పరీక్షల భయమా? బఠాణీలు పాతవా? ఆలోచించి వివరంగా రాయి. కారణం తెలిస్తే మందు తేలిక.

అంతసేపు ఎండలో ఎక్కడ తిరిగారని మీ అమ్మమ్మ నిలదీసింది. ఆవిడ దగ్గర నేను ఏదీ దాచలేను. ఆవిడ ఎవరికీ చెప్పదు.

ఇట్లు
మీ తాతయ్య (ఈసారి మర్చిపోలేదు)


వట్లూరు
అక్టోబరు 8

తాతయ్యా,

మీరు వంతెన మీద రెండున్నర గంటలు నిలబడి లారీలు లెక్కపెట్టారని పద్మప్రియకి చదివి వినిపించాను. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. ఆ తర్వాత నాకు ఏడుపొచ్చింది. అంతవరకు బాగానే ఉంది.

ఎవరికీ చెప్పని అమ్మమ్మ అమ్మకి ఫోను చేసింది. మొన్న ఆదివారం అమ్మ గూడెం నుంచి వచ్చి ఆఫీసులో టీసీ ఫారం అడిగింది. గేటు దగ్గర నన్ను పట్టుకుని "ఎందుకే, ఏమైందే, ఎవరేమన్నారే" అని ఒకటే ఏడుపు. మిమ్మల్ని ఒక్కరినే నమ్మి చెప్పాను తాతయ్యా.

వార్డెన్ గారూ ఎందుకనే అడుగుతున్నారు. అమ్మా అంతే. మీరు ప్రశ్నల పట్టికే పంపారు. రెయిలింగు నేను చూడలేదు. ఎవరూ ఏమీ అనలేదు. ఏ కుర్రాడూ లేడు. పరీక్షలంటే నాకు భయం లేదు, బఠాణీలు తాజావే. కారణం లేదు. నాకు తెలిస్తే దాస్తానా? అడిగిన ప్రతిసారీ నేనేదో తప్పు చేసి దాస్తున్నట్టు అనిపిస్తోంది. డాక్టరమ్మ ఒక్కరే ఎందుకని అడగలేదు. వచ్చినప్పుడు పారిపోకుండా మెల్లగా ఊపిరి వదులుతూ కూర్చోమన్నారు, దానంతటదే తగ్గుతుందన్నారు. నాకు కూర్చోవడం చేతకావడం లేదు. లేచి పరుగెత్తుతున్నాను.

నవంబరు 30కి నన్ను లెక్కలో పెట్టుకోకండి.

ఏంజెల్


కొత్తలంక
అక్టోబరు 14

ఏంజెలమ్మకి,

మట్టం మూడడుగుల రెండు.

చెప్పకూడనిది చెప్పాను. తప్పు నాదే, మీ అమ్మమ్మది కాదు. ఆవిడ రెండు రోజులుగా నాతో మాట్లాడకుండా తన తప్పుకి నన్ను శిక్షిస్తోంది. మీ అమ్మ దగ్గరకి గూడెం వెళ్లాను. "స్టెల్లా, నవంబరు 30 దాకా ఆ ఫారం బీరువాలో పెట్టమ్మా. ఆ తర్వాత మీ తల్లీకూతుళ్లు కూర్చుని ఏం చేస్తారో చెయ్యండి" అన్నాను. "మీకేం నాన్నా, రేపు దానికి ఏమైనా అయితే" అని చాలాసేపు ఏడ్చి, చివరికి సరేనంది. డాక్టరమ్మ చీటీ మీద ఉన్న నంబరు తీసుకుని ఆవిడతో తనే మాట్లాడింది. ఆ తర్వాత కొంచెం కుదుటపడింది.

ఎందుకని ఇక అడగను. నాకు బుద్ధి వచ్చిన విధానం చెబుతాను. నీ ఉత్తరం చదివి ఏం తోచక నా పాత గేజీ పుస్తకాలు తీశాను. ముప్పైనాలుగేళ్లవి. అందులో నాలుగు గడులు: తేదీ, వేళ, మట్టం, రిమార్కులు. 'ఎందుకు పెరిగింది' అన్న గడి లేదు. లస్కరుకి అది పని కాదు. పైన ఎక్కడో వాన పడి ఉంటుంది, ఎక్కడో తలుపు ఎత్తి ఉంటారు, నాకు తెలియదు. ఎంత పెరిగిందో, ఎప్పుడు తగ్గిందో చూసి రాయడమే నా ఉద్యోగం. పుస్తకాలన్నీ తిరగేశాను. పెరిగి దిగని రోజు ఒక్కటీ కనబడలేదు.

రిమార్కుల గడి నేనెప్పుడూ ముట్టుకోలేదు. మొత్తం మీద అది ఒక్కసారే నిండింది. నువ్వు పుట్టకముందు పెద్ద వరదకి లాకులు మునుగుతుంటే గంటగంటకీ మట్టం రాస్తూ నేను అక్కడే ఉన్నాను. తర్వాత ఇంజనీరు గారు వచ్చి, పుస్తకం చూసి, తన కలంతో ఆ గడిలో రాశారు, 'మనిషి ఉన్నచోటే ఉన్నాడు' అని. నాకు వేరే పతకం లేదు.

ఇంకో సంగతి, అబద్ధం చెప్పను. నీకు వచ్చేది నాకెప్పుడూ రాలేదు. ఆ వరద రోజున భయపడ్డాను, కాని నీళ్లు కళ్ల ముందు ఉన్నాయి. నీకు నీళ్లు లేకుండానే వస్తోంది. నాకన్నా నీదే కష్టమైన డ్యూటీ.

వాడని గేజీ పుస్తకం ఒకటి ట్రంకుపెట్టెలో ఉంది, పార్సిల్ చేస్తున్నాను. అంచులు చెదలు తిన్నాయి, లోపల బాగుంది. పలక నువ్వే గీసుకో.

ఇట్లు
మీ తాతయ్య


వట్లూరు
నవంబరు 9

తాతయ్యకి,

మీ మీద కోపం పోయింది. అమ్మమ్మతో మీకు రాజీ కుదిరిందా?

పలక ఇలా గీసుకున్నాను. సున్నా నుంచి పదడుగులు. పదంటే చచ్చిపోతున్నానని అనుకునే మట్టం. నాలుగైతే క్లాసులో ఎవరికీ తెలియదు. పద్మప్రియ గడియారం పట్టుకుంటుంది. మొదట్లో తను నాకన్నా ఎక్కువ కంగారుపడి వేళ తప్పు చెప్పేది. ఇప్పుడు గవర్నమెంటు ఉద్యోగిలా తయారైంది. డాక్టరమ్మకి పుస్తకం చూపిస్తే "ఎవరు చెప్పారమ్మా నీకు ఇది" అన్నారు. మా తాతయ్య, లస్కరు అన్నాను. ఆ మాట కొంచెం గట్టిగానే అన్నానట, బయట కూర్చున్నవాళ్లకి కూడా వినబడిందని పద్మప్రియ చెప్పింది.

కొన్ని మట్టాలు:

అక్టోబరు 22. మెస్సు. 12.40కి 9 అడుగులు. 12.58కి 2. లేచి బయటికి పరుగెత్తాను.
అక్టోబరు 27. ల్యాబు. 3.10కి 8. 3.24కి 3. లేచాను, తలుపు దగ్గర ఆగాను.
నవంబరు 4. క్లాసు. 10.05కి 8. 10.16కి 2. లేవలేదు.
నవంబరు 6. ఏమీ రాలేదు. రాస్తే తెలుస్తుందని రాశాను.

నిన్న పద్మప్రియతో కలిసి వార్డెన్ గారి పర్మిషన్‌తో బస్సెక్కాను. వంతెన ముందు స్టాపు దాకా వెళ్లి దిగి, టీ తాగి వచ్చేశాం. ఏడడుగుల దాకా వచ్చింది. వంతెన కనబడింది, ఎక్కలేదు.

పేర్ల జాబితా రాసి పంపుతారా? చదువుతానని మాటివ్వడం లేదు, సాధన చేసి చూస్తాను.

మీ
ఏంజెల్


కొత్తలంక
నవంబరు 16

ఏంజెలమ్మకి,

మట్టం రెండడుగుల పదకొండు. అమ్మమ్మ మాట్లాడుతోంది, అదే ఇప్పుడు ఇబ్బంది.

'లేవలేదు' అని నువ్వు రాసిన చోట నా వేలు చాలాసేపు ఆగిపోయింది. ఆ కాగితం చొక్కా జేబులో పెట్టుకుని రెండు రోజులు తిరిగాను. ఎవరికీ చూపించలేదు, నా ప్రవర్తన మెరుగుపడింది.

జాబితా దీంతో ఉంది. పేరు మోసినవాళ్లూ ఉన్నారు, మోయనివాళ్లూ ఉన్నారు. అందరినీ ఒకే గొంతుతో చదవాలి. నలభై ఏడో పేరు ఎలీషా. పడవ తోసేవాడు. తాగేవాడు, ఎవరితోనూ పడేది కాదు. ఆయన సమాధి మీద చిన్న రాయి కూడా లేదు. కొడుకు జాషువా చెరువుల కాపలాకి ఉంటున్నాడు, చర్చిలో వెనక బల్ల మీదే కూర్చుంటాడు. యాభై మూడో పేరు మా నాన్నది. అక్కడ కొంచెం గొంతు పెంచినా ఎవరూ ఏమీ అనరు.

రావడం, రాకపోవడం నీ ఇష్టం. వచ్చాక చదవలేకపోతే నా పక్కన కూర్చో. మధ్యలో ఆగాల్సి వస్తే ఆగు. జనం ఏమనుకుంటారో అది జనం పని.

ఇట్లు
మీ తాతయ్య


వట్లూరు
డిసెంబరు 3

తాతయ్యా,

సామాను సర్దుకునే హడావిడిలో మీతో సరిగా మాట్లాడనే లేదు. ఆ రోజు ఇంటినిండా జనం. అందుకని నేను చూసింది రాస్తున్నాను, మీకు తెలిసినా సరే.

శనివారం బస్సులో వంతెన మీద మట్టం తొమ్మిది. పుస్తకం ఒళ్లో పెట్టుకుని రాస్తూ కూర్చున్నాను. పక్కనావిడ "హోంవర్కా అమ్మా" అంది. అవునండీ అన్నాను. వంతెన దిగేసరికి ఆరు. జులై నుంచి మొదటిసారి గూడబాతులు చూశాను.

ఆదివారం మొదటి పాస్టరు గారి పేరు దగ్గర ఆగాను, అందరూ లేచి నిలబడి, తర్వాత కూర్చున్నారు. ముప్పై దాకా హాయిగా సాగింది. నలభై దాటాక చేతులు చల్లబడ్డాయి. 'ఎలీషా' అన్నాను, ఆ తర్వాత మాట రాలేదు. అక్షరాలు కనబడుతున్నాయి, ఊపిరి లేదు. కాళ్లు తలుపు వైపు లాగుతున్నాయి. బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను. తల వంచి మెల్లగా ఊపిరి వదలడం మొదలుపెట్టాను.

అప్పుడు బెంచీల చప్పుడు వినబడింది. తలెత్తి చూస్తే చర్చి మొత్తం లేచి నిలబడి ఉంది. ఎందుకో నాకు అర్థం కాలేదు. తర్వాత తట్టింది, ఆగడమే గుర్తు కదా, నేను ఆగాను కాబట్టి వాళ్లు లేచారు. ఎలీషా గారి కోసం అనుకున్నారు. అంతమంది తలలు వంచుకుని కదలకుండా నిలబడితే నా ఊపిరి నాకు వినబడింది. నా లెక్కలో ఎనిమిది నుంచి నాలుగుకి దిగింది. నలభై ఎనిమిదో పేరు చదివాను. వాళ్లు కూర్చున్నారు. రెండువందల పన్నెండూ చదివాను తాతయ్యా.

అయిపోయాక జాషువా గారు వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. "మా నాన్న కోసం ఎవరూ ఎప్పుడూ లేవలేదమ్మా" అన్నారు. ఆయన ఏడుస్తుంటే నేను తల ఊపాను. మెచ్చుకున్న ప్రతివారి ముందూ అదే చేశాను. అప్పటినుంచి అదే గుచ్చుకుంటోంది. అది తప్పుడు మట్టం. మీరు ముప్పైనాలుగేళ్లలో ఒక్కటీ తప్పు రాయలేదు. ఆయనకి నిజం చెప్పండి. నాకు ఏం వచ్చిందో పేరు పెట్టి చెప్పండి, నాకు సిగ్గు లేదు. ఆయన బాధపడితే నేనే వచ్చి క్షమాపణ అడుగుతాను. బస్సులోనే వస్తాను.

టీసీ ఫారం వెనక అమ్మ సరుకుల జాబితా రాసింది. మీకు తెలుసా?

మీ
ఏంజెల్


కొత్తలంక
డిసెంబరు 9

ఏంజెలమ్మకి తాతయ్య రాయునది.

మట్టం రెండడుగుల ఆరు, నిలకడ.

నువ్వు చెప్పిన పని చేశాను. చెరువు గట్టు మీద జాషువా పాక దగ్గరికి వెళ్లి కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. "మా పిల్లకి ఊపిరి అందని జబ్బు ఒకటి వస్తుందిరా, పానిక్ అటాక్ అంటారు. సరిగ్గా మీ నాన్న పేరు దగ్గర వచ్చింది. అందుకని ఆగింది, ఆయన కోసం కాదు. నీకు చెప్పమని తనే రాసింది" అన్నాను. వాడు లేచి వెళ్లి చెరువులో మేత చల్లి వచ్చాడు. బాధపెట్టానే అనుకున్నాను.

"అలాగాండీ" అన్నాడు. "అయితే పాప పడిపోకుండా పట్టుకుని నిలబడింది మా నాన్న పేరు దగ్గరేనన్నమాట. బతికుండగా ఆయన ఎవరికీ ఆసరా కాలేదండీ. ఇప్పుడైనా అయ్యాడు."

నువ్వు క్షమాపణకి రానక్కర్లేదు. క్రిస్మస్‌కి వస్తే రెండు కొరమీనులు ఇస్తానన్నాడు, అందుకు రా.

నాకొక్క ఫిర్యాదు ఉంది. యాభై మూడో పేరు దగ్గర నువ్వు గొంతు పెంచలేదు. ఆగనూ లేదు. పేటలో మొదట అక్షరం రాసిన మనిషికి ఎవరూ లేవలేదు, పడవ తోసిన ఎలీషాకి ఊరంతా లేచింది. ఆ రోజంతా నాకు కొంచెం కష్టంగానే ఉంది. మీ అమ్మమ్మ గ్రహించి "మామయ్య గారే బతికుంటే ముందుగా లేచేవారండీ" అంది. అది నిజమే. ఎలీషా పేరు పుస్తకంలో రాసింది ఆయనే కదా.

మీ అమ్మ రాసిన సరుకుల జాబితా సంగతి నాకు తెలుసు. ఆ సరుకులు తెచ్చింది నేనే.

చివరిగా ఒక పత్రం జతపరుస్తున్నాను. ఆ రోజు ముందు బల్ల మీద కూర్చున్నాను. చెవులు వినకపోయినా నీ పెదవులు ఆగడం కనబడింది. అందరూ లేచారు, నేను లేవలేదు. గడియారం చూసి, పాటల కాగితం వెనక రాసుకుంటూ కూర్చున్నాను. నువ్వు ఎనిమిదన్నావు. నేను చూసినంతలో తొమ్మిదిన్నర. వేళ్లు బల్ల అంచు మీద తెల్లగా అయిపోయాయి. నీ పుస్తకంలో సరిచేసుకో. పన్నెండేళ్ల తర్వాత డ్యూటీ మీద రాసిన మట్టం కాబట్టి డిపార్టుమెంటు కలంతోనే శుభ్రంగా తిరగరాశాను. ఆ నాలుగో గడి రాసేటప్పుడు గీత వంకర పోయింది, ఏమనుకోకు.

తేదీ: నవంబరు 30.
వేళ: ఉదయం 10.52 నుంచి 10.55.
మట్టం: తొమ్మిదిన్నర అడుగులు. దిగింది.
రిమార్కులు: మనిషి ఉన్నచోటే ఉంది.

పి. సత్యానందం, లస్కరు